హైదరాబాద్ బస్సెక్కే ముందు ఏడో తరగతి లెక్కల పుస్తకం

డిగ్రీనో బీటెక్కో పూర్తయింది. నాన్న ఫస్ట్ షిఫ్టు దిగి వచ్చి, అన్నం తింటూ నెమ్మదిగా అడుగుతారు: "కోచింగ్‌కు ఎంతయితది బిడ్డా?" ఫీజు, హాస్టల్, మెస్, పుస్తకాలు, రానూపోనూ చార్జీలు. మీరు చెప్పిన మొత్తం విని ఆయన ఏమీ అనరు. అమ్మ వైపు చూస్తారు. గోదావరిఖని, యైటింక్లైన్ కాలనీ, సెంటినరీ కాలనీల్లో చాలా ఇళ్లకు ఈ సంభాషణ కొత్త కాదు.

ఆ డబ్బు ఖర్చు పెట్టొద్దని నేను చెప్పడం లేదు. అశోక్‌నగర్‌కో దిల్‌సుఖ్‌నగర్‌కో వెళ్లి చదివి ఉద్యోగం కొట్టినవాళ్లు మన వీధుల్లోనే ఉన్నారు. అయితే బస్సెక్కే ముందు ఒక విషయం తేల్చుకోండి. లెక్కల్లో మీరు ఆగిపోయింది ఏ తరగతిలో?

"నాకు మ్యాథ్స్ రాదు" అనేది ఈ ప్రశ్నకు జవాబు కాదు. "భిన్నాల భాగహారం దగ్గర చేయి ఆగుతుంది", "బ్రాకెట్ బయట మైనస్ ఉంటే గందరగోళం అవుతుంది" లాంటివి జవాబులు. మొదటి మాటతో ఏం చేయాలో ఎవరికీ తెలియదు. రెండో రకం మాట దొరికితే సగం పని అయిపోయినట్టే. ఎందుకంటే ఆ పాఠం ఏ పుస్తకంలో ఉందో వెతికి పట్టుకోవచ్చు.

కోచింగ్ హాల్లో ఇది జరగదు. మొదటి వారమే శాతాలు, ఆ వెంటనే లాభనష్టాలు, కాలం-పని. వందల మంది కూర్చున్నచోట మిమ్మల్ని ఒక్కరినీ ఆరో తరగతికి తీసుకెళ్లే తీరిక సార్‌కు ఉండదు. ఆయన షార్ట్‌కట్ చెబుతారు, మీరు రాసుకుంటారు. కింద పునాది ఉన్నవాడికి అది నిజంగా షార్ట్‌కట్టే. లేనివాడికి అది బట్టీ పట్టాల్సిన ఇంకో సూత్రం. ప్రశ్నలో ఒక్క మాట మారిస్తే చేతులెత్తేస్తాడు.

పోటీ ఎంతుందో తెలిసిందే. 2022లో సింగరేణి 177 జూనియర్ అసిస్టెంట్ పోస్టులకు పరీక్ష పెడితే దరఖాస్తులు దాదాపు లక్ష వచ్చాయి. ఒక్కో పోస్టుకు 500 మందికి పైనే. రైల్వే ఎన్టీపీసీ మొదటి దశలో 100 ప్రశ్నలకు 90 నిమిషాలు, అందులో 30 గణితం, 30 రీజనింగ్. (ఈ ఎన్టీపీసీ మన రామగుండం ఎన్టీపీసీ కాదు, 'నాన్ టెక్నికల్ పాపులర్ కేటగిరీస్'. రెండూ ఒకటే అనుకుని అడిగేవాళ్లు ఇప్పటికీ తగులుతుంటారు.) అంటే ప్రశ్నకు 54 సెకన్లు. ఎస్‌ఎస్‌సీ సీజీఎల్ టైర్-1లో 100 ప్రశ్నలకు గంటే, ప్రశ్నకు 36 సెకన్లు. ఇక ఇంజినీర్ల గేట్ సంగతి చూడండి. చాలా పేపర్లలో ఇంజినీరింగ్ మ్యాథమేటిక్స్‌కు 13, జనరల్ ఆప్టిట్యూడ్‌కు 15 మార్కులు. వందలో 28 మార్కులు మీ బ్రాంచ్ సబ్జెక్టుతో సంబంధం లేనివి. మన ఊరి ఎన్టీపీసీ ఇంజినీరింగ్ ట్రైనీలను తీసుకునేది ఈ గేట్ స్కోరుతోనే. పైగా గేట్‌లో న్యూమరికల్ ప్రశ్నలకు ఆప్షన్లే ఉండవు, సంఖ్య మీరే టైప్ చేయాలి. ఆప్షన్లను వెనక్కి పెట్టి చూసే కిటుకు అక్కడ పనికిరాదు.

36 సెకన్లలో భిన్నాలను ఎలా భాగించాలో గుర్తు చేసుకుంటూ కూర్చోలేం. అది నిద్రలో లేపి అడిగినా రావాలి.

ముందు ఈ ఆరు చేయండి

కాగితం, పెన్ను తీసుకోండి. ఫోన్ పక్క గదిలో పెట్టండి. ఎనిమిది నిమిషాలు.

1. 3/4ను 1/8తో భాగిస్తే ఎంత?

2. ఒక వస్తువు ధర 25 శాతం పెరిగింది. మళ్లీ పాత ధరకు రావాలంటే ఎంత శాతం తగ్గించాలి?

3. (−3)² ఎంత? −3² ఎంత?

4. ఒక ఇంక్లైన్ వాలు 5కి 1. అడ్డంగా కొలిస్తే 150 మీటర్లు లోపలికి వెళ్లారు. ఎంత లోతుకు దిగినట్టు?

5. 2x + 7 = 3(x − 2) అయితే x ఎంత?

6. 10 ఆధారంగా 1000కి లాగరిథం ఎంత?

జవాబులు చివర్లో ఉన్నాయి. ఎన్ని సరైనవన్నది అంత ముఖ్యం కాదు. ఏ ప్రశ్న దగ్గర చేయి ఆగింది, ఎక్కడ "ఏదో ఉండేది" అనిపించింది, అది గుర్తు పెట్టుకోండి. ఒక్కటి కూడా ఆగకపోతే ఈ వ్యాసంలో కింది తరగతుల పుస్తకాల గురించి చెప్పింది వదిలేసి ముందుకు వెళ్లొచ్చు.

అండర్‌గ్రౌండ్ గనిలో పైకప్పుకు సపోర్టు పెట్టనిదే దాని కిందికి ఎవరినీ పంపరు. రూఫ్ బోల్ట్ ఎందుకు కొడతారో మీ నాన్ననో, మామనో అడగండి, నాకంటే బాగా చెబుతారు. చదువులో మాత్రం మనల్ని అలా ఆపేవాళ్లు లేరు. ఏడో తరగతిలో సపోర్టు లేదు, అయినా పదికి పంపారు. అక్కడ త్రికోణమితి తేలలేదు, అయినా ఇంటర్ ఎంపీసీ. చివరికి బీటెక్‌లో ఎం-1 మీద పడింది. బ్యాక్‌లాగ్ వచ్చినవాళ్లలో చాలామందికి ఇంటిగ్రేషన్ అసలు కష్టం కాదు. హాస్టల్‌లో తోటివాళ్ల పేపర్లు చూసినప్పుడు నాకు కనిపించింది ఇదే. ఇంటిగ్రేషన్ స్టెప్ సరిగ్గానే రాశారు, ఆ తర్వాత భిన్నాలు కలపడంలో పోయింది.

సిగ్గు పక్కన పెడితే

రాష్ట్ర ఎస్‌సీఈఆర్‌టీ గణితం పుస్తకాలు ఆరు నుంచి పది దాకా తెచ్చుకోండి. ప్రభుత్వ బడుల్లో ఇంగ్లిష్ మీడియం మొదలైన 2022-23 నుంచి ఎనిమిదో తరగతి వరకు పుస్తకాలు ఒక పేజీ తెలుగులో, ఎదురు పేజీ ఇంగ్లిష్‌లో అచ్చయ్యాయి. తెలుగు మీడియంలో చదివి ఇంగ్లిష్‌లో పరీక్ష రాయాల్సిన మీకు ఇంతకంటే పనికొచ్చే పుస్తకం మార్కెట్లో లేదని నా అభిప్రాయం. క.సా.గు. అంటే ఎల్‌సీఎం, గ.సా.భా. అంటే హెచ్‌సీఎఫ్ అని చాలామందికి తెలుసు. మరి బారువడ్డీ, చక్రవడ్డీ, విలోమానుపాతం, పూర్ణసంఖ్య, లబ్ధం? వీటి ఇంగ్లిష్ పేర్లు తడుముకోకుండా చెప్పగలరా? లెక్క వచ్చి కూడా ప్రశ్న అర్థంకాక వదిలేసే మార్కులు తక్కువేం కాదు. ఎదురెదురు పేజీల నుంచి ఒక వంద మాటలు రాసుకుంటే ఆ సమస్య చాలావరకు పోతుంది.

అన్ని పాఠాలూ చేయక్కర్లేదు. పూర్ణసంఖ్యలు, భిన్నాలు, దశాంశాలు, నిష్పత్తి-అనుపాతం, శాతాలు, ఘాతాంకాలు, బీజీయ సమాసాలు, ఏకచర రేఖీయ సమీకరణాలు. రోజూ రెండు గంటలు కచ్చితంగా కూర్చుంటే ఐదారు వారాల పని. ఆ తర్వాత తొమ్మిది, పది తరగతుల్లో మీ పరీక్షకు కావాల్సినవి.

తమ్ముడి పుస్తకం ముందేసుకుని కూర్చుంటే ఇంట్లో నవ్వుతారేమో అని వెనకాడతారు. నవ్వనివ్వండి. బార్బరా ఓక్లీ అనే అమెరికన్ ప్రొఫెసర్ ఉన్నారు. బడిలో గణితం, సైన్స్ అంటే ఆమెకు పడేది కాదు. ఆర్మీలో చేరి రష్యన్ నేర్చుకున్నారు. 26 ఏళ్లకు ఆర్మీ నుంచి బయటికొచ్చాక బడిపిల్లల స్థాయి గణితం నుంచి మళ్లీ మొదలుపెట్టారు. ఆ తర్వాత ఇంజినీరింగ్ చదివి, మిషిగన్‌లోని ఓక్లాండ్ యూనివర్సిటీలో ఇంజినీరింగ్ ప్రొఫెసర్ అయ్యారు. కష్టమైన సబ్జెక్టులు ఎలా నేర్చుకోవాలో చెబుతూ 2014లో 'ఎ మైండ్ ఫర్ నంబర్స్' రాశారు. 'లెర్నింగ్ హౌ టు లెర్న్' పేరుతో కోర్సెరాలో ఆమె కోర్సు ఉంది. ఇంగ్లిష్ ఉపన్యాసాలు వినగలిగితే ఒకసారి చూడండి. కాకపోతే అందులో చెప్పేవన్నీ చూసి ఊరుకుంటే రావు, చేయాల్సిందే.

పుస్తకం మూసేయండి

మన చదువులో పెద్ద మోసం ఇక్కడే జరుగుతుంది. యూట్యూబ్‌లో సార్ లెక్క చేస్తుంటారు. మీరు చూస్తుంటారు. ప్రతి స్టెప్ అర్థమవుతుంది. "ఓహో, ఇంతేనా" అనుకుని తర్వాతి వీడియోకు వెళతారు. రాత్రికి పది వీడియోలు. తెల్లారి అదే లెక్క తెల్లకాగితం మీద చేయమంటే మొదటి లైను రాదు. అర్థం కావడం వేరు, చేయగలగడం వేరు.

దీనిపై చక్కటి ప్రయోగం ఒకటి ఉంది. రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ప్రచురించారు. అది లెక్కల మీద కాదు, చదివిన పాఠం మీద. కొందరు విద్యార్థులు పాఠాన్ని నాలుగు విడతలు చదివారు. ఇంకొందరు ఒక్క విడతే చదివి, తర్వాత మూడుసార్లు పాఠం చూడకుండా గుర్తున్నది రాశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే నాలుగు విడతలు చదివినవాళ్లే ముందున్నారు. వారం తర్వాత పెడితే తలకిందులైంది. చదివినవాళ్లకు గుర్తున్నది సుమారు 40 శాతం, చూడకుండా రాసినవాళ్లకు 61 శాతం. మన పరీక్ష ఐదు నిమిషాల తర్వాత ఉండదు కదా.

కాబట్టి పద్ధతి ఇలా పెట్టుకోండి. పుస్తకంలో చేసి చూపిన ఉదాహరణ ఒకటి చదవండి. పుస్తకం మూయండి. తెల్లకాగితం మీద మొదటి నుంచి మీరే చేయండి. ఆగిపోతే వెంటనే తెరవొద్దు, రెండు మూడు నిమిషాలు కొట్టుకోండి. ఆ కొట్టుకునే సమయం వృథా కాదు. తర్వాత తెరిచి చూసి, మీది ఏ లైను దగ్గర దారి తప్పిందో ఎర్ర పెన్నుతో గీత పెట్టండి. మళ్లీ మూసి మళ్లీ చేయండి. అదే లెక్క రెండు రోజుల తర్వాత ఒకసారి, వారం తర్వాత ఒకసారి. మూడుసార్లూ చూడకుండా వస్తే ఆ లెక్క మీదైంది. గంటకు నాలుగు లెక్కలే అవుతాయి. పది వీడియోలు చూసినంత తృప్తి ఉండదు. ఇగ ఇది చాలా నిదానం అనిపించి చాలామంది మూడో రోజే మానేస్తారు. ఆ మూడో రోజు దాటండి చాలు.

ఇంకో ప్రయోగం సూటిగా లెక్కల మీదే. రోరర్, టేలర్ 2007లో చేశారు. నాలుగు రకాల ఘనాకారాల ఘనపరిమాణం కనుక్కోవడం కాలేజీ విద్యార్థులకు నేర్పించారు. కొందరికి ఒక రకం లెక్కలన్నీ అయ్యాక ఇంకో రకం ఇచ్చారు, మన గైడ్లలో చాప్టర్‌వారీగా ఉన్నట్టు. ఇంకొందరికి అన్నీ కలిపి ఇచ్చారు. సాధన చేసేటప్పుడు చాప్టర్‌వారీ వాళ్లు 89 శాతం సరిగ్గా చేశారు, కలిపి చేసినవాళ్లు 60 శాతమే. వారం తర్వాత పరీక్షలో చాప్టర్‌వారీ వాళ్లకు 20 శాతం, కలిపి చేసినవాళ్లకు 63 శాతం.

కారణం ఊహించడం కష్టం కాదు. 'కాలం-పని' అని పైన రాసి ఉన్న పేజీలో ముప్పై లెక్కలు చేస్తే ఏ సూత్రం వాడాలో ఆలోచించే పనే ఉండదు. పరీక్షలో ప్రశ్న మీద చాప్టర్ పేరు రాసి ఉండదు. అందుకే ఒక పాఠం నేర్చుకున్న రెండో రోజు నుంచే పాత పాఠాల లెక్కలు కలపండి. సులువైన మార్గం ఒకటుంది. చీటీల మీద ఒక్కో లెక్క రాసి డబ్బాలో వేయండి, రోజూ పది తీయండి. ఏది వస్తే అది. యాప్ కావాలంటే ఆంకి ఉంది. చీటీల డబ్బా కూడా అంతే పని చేస్తుంది, నోటిఫికేషన్లు రావు.

గనుల్లో ఎప్పటినుంచో జరుగుతున్నదే

షిఫ్టు చేసి వచ్చి, పుస్తకం పట్టుకుని, సొంతంగా లెక్కలు నేర్చుకుని పరీక్ష రాయడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. గనిలో సర్దార్ కావాలన్నా, ఓవర్‌మన్ కావాలన్నా ధన్‌బాద్ కేంద్రంగా ఉన్న డీజీఎంఎస్ పరీక్ష పాస్ కావాలి. ఆ పైన సెకండ్ క్లాస్, ఫస్ట్ క్లాస్ మేనేజర్ సర్టిఫికెట్లు. గ్యాస్ టెస్టింగ్, ఫస్ట్ ఎయిడ్ సర్టిఫికెట్లు వేరు. పదో తరగతి ఎప్పుడో పూర్తిచేసి, పదేళ్లు బొగ్గులో పనిచేసిన మనిషి, నైట్ షిఫ్టు దిగి వచ్చి ఈ పుస్తకాలు చదువుతాడు. కారుణ్య నియామకంలో నాన్న ఉద్యోగం వచ్చి, చేతిలో బీటెక్ పట్టా ఉన్నా కింది స్థాయి కార్మికుడిగా చేరిన యువకులు కూడా ఉన్నారు. వాళ్లకు పైకి వెళ్లే మెట్టు మళ్లీ ఏదో ఒక పరీక్షే.

ఆ పుస్తకాల్లో గణితం ఎలా ఉంటుందో ఒక ఉదాహరణ. బొగ్గు గనుల నిబంధనల ప్రకారం ఒక వెంటిలేషన్ డిస్ట్రిక్ట్‌కు నిమిషానికి ఎంత గాలి అందాలి? ఎక్కువమంది ఉండే షిఫ్టులో మనిషికి 6 ఘనపు మీటర్లు, లేదా రోజు ఉత్పత్తిలో టన్నుకు 2.5 ఘనపు మీటర్లు. ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే అది. 60 మంది, 200 టన్నులు అనుకోండి. మనుషుల లెక్కన 360. టన్నుల లెక్కన 500. కాబట్టి 500 ఘనపు మీటర్లు. ఇందులో ఉన్నది ఐదో తరగతి గుణకారమే. కష్టమంతా "ఏది ఎక్కువైతే అది" అన్న మాటను చదవడంలో ఉంది. మొదటి గుణకారం చేసి 360 దగ్గర ఆగినవాడికి లెక్కలు రాక కాదు, ప్రశ్న పూర్తిగా చదవక.

శాతాలు కూడా అంతే. మీథేన్ గాలిలో 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే పేలుతుంది. రిటర్న్ గాలిలో 0.75 శాతం, గనిలో ఏ చోటైనా 1.25 శాతం దాటకూడదని నిబంధన. నిమిషానికి 1,200 ఘనపు మీటర్ల గాలి పోతుంటే, అందులో మీథేన్ 6 ఘనపు మీటర్లుంటే ఎంత శాతం? అర శాతం. ఈ లెక్కలో దశాంశ బిందువు ఒక స్థానం జరిగితే ఏమవుతుందో మన ప్రాంతంలో ఎవరికీ వివరించాల్సిన పని లేదు.

ఇలాంటి లెక్కలు మీ ఊరి నుంచి మీరే తయారు చేసుకోవచ్చు. గైడ్‌లోని రాము, సోముల లెక్కల కంటే ఇవి బాగా గుర్తుంటాయి. ఎన్టీపీసీ రామగుండం పాత స్టేషన్ సామర్థ్యం 2,600 మెగావాట్లు. రోజంతా పూర్తి లోడుతో నడిస్తే ఎన్ని యూనిట్లు? 2,600 మెగావాట్లంటే 26 లక్షల కిలోవాట్లు, 24 గంటలకు 6.24 కోట్ల యూనిట్లు. యూనిట్‌కు 0.7 కిలోల బొగ్గు అనుకుందాం. 43,680 టన్నులు. ఒక గూడ్సులో 3,600 టన్నులు పడతాయనుకుంటే రోజుకు 12 రైళ్లు. రామగుండం ఎరువుల ఫ్యాక్టరీ ఆర్‌ఎఫ్‌సీఎల్ రోజుకు 3,850 టన్నుల యూరియా తయారు చేయగలదు. 45 కిలోల బస్తాలు ఎన్ని? 85,555. ఏడాది సామర్థ్యం 12.7 లక్షల టన్నులని చెబుతారు. 3,850తో భాగించి చూడండి, 330 వస్తుంది. అంటే 365 రోజులు కాదు, 330 రోజులు నడుస్తుందని లెక్క వేశారన్నమాట. ఎవరూ చెప్పని విషయం ఒక భాగహారంతో బయటపడింది. డేటా ఇంటర్‌ప్రిటేషన్ అని పరీక్షల్లో అడిగేది దీన్నే.

మిగతా సబ్జెక్టులు, ఫోన్, నిశ్శబ్దం

ఫిజిక్స్, ఇంజినీరింగ్ మెకానిక్స్, నెట్‌వర్క్స్ లాంటివాటికి కూడా పుస్తకం మూసే పద్ధతే. ఒక్క తేడా ఉంది, అక్కడ ముందు బొమ్మ గీయాలి. బలాలు ఎటు పనిచేస్తున్నాయో బాణాలు గీయకుండా సమీకరణం రాయొద్దు. చివర్లో యూనిట్లు సరిపోయాయో లేదో చూస్తే సగం తప్పులు అక్కడే దొరుకుతాయి. కాలేజీలో సరిగ్గా చెప్పని సబ్జెక్టులకు ఎన్‌పీటీఈఎల్ ఉచిత పాఠాలున్నాయి, చెప్పేది ఐఐటీ, ఐఐఎస్సీ ప్రొఫెసర్లు. కొందరి ఇంగ్లిష్ మొదట్లో కష్టంగా ఉంటుంది, వేగం తగ్గించి వినండి. పోటీ పరీక్షలకు తెలుగులో టీ-శాట్ నిపుణ ఛానల్ ఉంది.

ఫోన్‌ను పూర్తిగా మానేయమని టెక్ గురించి రాసే నేను చెప్పలేను. డెస్మోస్‌లో గానీ జియోజీబ్రాలో గానీ ఒక సమీకరణం టైప్ చేసి, అందులో సంఖ్య మారిస్తే గ్రాఫ్ ఎలా కదులుతుందో చూడండి. ఎం-1లో రెండు నెలలు అర్థం కానిది పది నిమిషాల్లో కంటికి కనిపిస్తుంది. చాట్‌జీపీటీ, జెమిని లాంటివి కూడా వాడొచ్చు, కానీ అడిగే తీరు మార్చండి. "ఈ లెక్క చేసి పెట్టు" అనొద్దు. మీరు చేసిన లైన్లన్నీ పెట్టి "జవాబు చెప్పకు, నా తప్పు ఏ లైనులో ఉందో మాత్రం చెప్పు" అనండి. అవి ఎంతో ధీమాగా తప్పు చెప్పే సందర్భాలూ ఉంటాయి. x విలువ వస్తే సమీకరణంలో పెట్టి మీరే సరిచూసుకోవాలి.

తప్పుల కోసం ఒక చిన్న నోట్‌బుక్ పెట్టండి. ప్రతి తప్పు పక్కన మూడింటిలో ఒకటి రాయండి: తెలియదు, జారింది, సరిగ్గా చదవలేదు. నెల తర్వాత లెక్కపెట్టండి. 'తెలియదు' ఎక్కువుంటే పుస్తకం. 'జారింది' ఎక్కువుంటే వేగం తగ్గించి రాత శుభ్రం చేసుకోవాలి. 'సరిగ్గా చదవలేదు' ఎక్కువుంటే మీ సమస్య గణితమే కాదు. మూడింటికీ ఒకే మందు, ఇంకా ఎక్కువ మాక్ టెస్టులు, అనుకోవడం వల్లే సంవత్సరాలు పోతాయి.

ఇక చోటు. రెండు గదుల క్వార్టర్‌లో చదువుకోవడానికి మూల దొరకడం కష్టమే. కానీ మన ఇళ్లలో ఒక వీలుంది. నాన్న నైట్ షిఫ్టు వారంలో పొద్దున పూట టీవీ ఉండదు, ఎవరూ గట్టిగా మాట్లాడరు. ఆ వారం పొద్దున మూడు గంటలు కొత్త పాఠాలకు పెట్టుకోండి. ఫస్ట్ షిఫ్టు వారంలో ఎలాగూ ఇల్లంతా తెల్లవారకముందే లేస్తుంది, మీరూ లేవండి. షిఫ్టుతో పాటే మీ టైమ్‌టేబుల్ మారాలి. యూట్యూబ్‌లో టాపర్లు చెప్పే 'ఉదయం నాలుగు నుంచి రాత్రి పది' టైమ్‌టేబుల్ గోడకు అంటించుకుంటే మూడో రోజు మీరే చింపేస్తారు.

మూడు నెలలు ఇలా చేశాక పాత ప్రశ్నపత్రం ఒకటి గడియారం పెట్టుకుని రాయండి. అప్పటికీ వేగం చాలకపోతే, లేదా మీ పరీక్షకు ప్రత్యేకమైన సబ్జెక్టు చెప్పేవాళ్లు ఇక్కడ లేకపోతే, కోచింగ్‌కు వెళ్లండి. అప్పుడు హాల్లో సార్ షార్ట్‌కట్ చెప్పినప్పుడు అది ఎందుకు పనిచేస్తుందో మీకు తెలుస్తుంది. ఆరు నెలలు ఉండాల్సినచోట మూడు నెలలు సరిపోవచ్చు. ఇంట్లో చెప్పే మొత్తం కూడా ఆ మేరకు తగ్గుతుంది.

జవాబులు

1. జవాబు 6. ఆగితే 6, 7 తరగతుల భిన్నాల పాఠాలు. తలకిందులు చేసి గుణించడం గుర్తుంటే చాలదు. ముప్పావులో అరపావులు ఎన్ని ఉంటాయో బొమ్మ గీసి చూడండి.

2. 20 శాతం. 25 అని రాసినవాళ్లు శాతాల పాఠం మొదటి నుంచి చేయాలి. 100 పెరిగి 125 అయింది. తగ్గాల్సింది 25, కానీ ఇప్పుడు 125 మీద. అంటే ఐదో వంతు.

3. 9, −9. బ్రాకెట్ లేకపోతే వర్గం 3కే, మైనస్‌కు కాదు. 7, 8 తరగతుల పూర్ణసంఖ్యలు, ఘాతాంకాలు.

4. 30 మీటర్లు. ఆగితే 6, 7 తరగతుల నిష్పత్తి-అనుపాతం. త్రికోణమితి తెలిసినవాళ్లు ఆ ఇంక్లైన్ కోణం కూడా కనుక్కోండి, దాదాపు 11 డిగ్రీలు రావాలి.

5. 13. బ్రాకెట్ విప్పినప్పుడు 3x − 2 అని రాసి ఉంటే తప్పు అక్కడే, అది 3x − 6. 8వ తరగతి.

6. 3. ఇదొక్కటే ఆగి మిగతా ఐదూ వచ్చినవాళ్లు నేరుగా పదో తరగతి పుస్తకంలో వాస్తవ సంఖ్యల పాఠం తెరవొచ్చు.